కరువు నేల మీద ఒక సర్వేయర్

ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కి ఎప్పుడైనా ఫ్రెండ్స్‌తో బైక్ మీద వెళ్లారా? సముద్రం కనబడకముందే ఒక కాలువ దాటతారు. పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అదే బకింగ్‌హామ్ కాలువ. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు దీని గురించి ఒక బిట్ చదివే ఉంటారు. 1876-78 కరువు, మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్, కరువు పనుల కింద తవ్వించిన కాలువ. టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం.

ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల ముక్కని తవ్వించిన కాంట్రాక్టర్ ఇంజినీరు కాదు, వ్యాపారీ కాదు. అమెరికా నుంచి మత ప్రచారానికి వచ్చిన ఒక మిషనరీ. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మతం చెప్పడానికి వచ్చిన మనిషికి మట్టి పని కాంట్రాక్టు ఎందుకు? అసలు ఆ పని ఆయనకెలా వచ్చు? ఈ రెండు ప్రశ్నల కోసం కథని కాస్త వెనక్కి తీసుకెళ్లాలి.

చాక్‌పీసు గీత

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెటూళ్లో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. అప్పట్లో అమెరికాలో ఇలాంటి కుటుంబాలు భూమి వెతుక్కుంటూ పడమరకి జరిగేవి. వీళ్లూ అలాగే జరుగుతూ అయోవా చేరారు. టీనేజ్‌లోనే క్లౌకి ఒక ఉద్యోగం దొరికింది. మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూములు కొలిచే సర్వే బృందంలో చేరారు. గొలుసు పట్టుకుని అడవులూ చిత్తడి నేలలూ దాటుతూ గీతలు గీయడం, లెక్కలు రాయడం, గుడారాల్లో పడుకోవడం. కింది స్థాయిలో చేరి, కొన్నేళ్లలోనే సొంతంగా సర్వే చేయగల స్థాయికి వచ్చారు. మనుషుల చేత పని చేయించడం, వాళ్ల తిండీ జీతం చూడటం, నేల ఎత్తుపల్లాలు కంటితోనే అంచనా కట్టడం ఆయనకి అక్కడే అబ్బాయి.

అయితే ఆయన గోల్ అది కాదు. లాయర్ కావాలనుకున్నారు. దాచుకున్న డబ్బుతో 1857లో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ పట్నంలో కాలేజీలో చేరారు.

ఆ ఏడాది అమెరికాలో ఏం జరిగిందో తెలిస్తే మీకు వింతగా ఉండదు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే రిసెషన్. అక్టోబరుకల్లా బ్యాంకులు మూతబడ్డాయి, కంపెనీలు కుప్పకూలాయి, ఎందరో రోడ్డున పడ్డారు. దానికి కొంచెం ముందే, సెప్టెంబరులో, న్యూయార్క్‌లోని ఫుల్టన్ స్ట్రీట్‌లో జెరెమయా లాంఫియర్ అనే మాజీ వ్యాపారి మధ్యాహ్నం భోజన విరామంలో ఒక ప్రార్థన కూడిక మొదలుపెట్టారు. మొదటి రోజు వచ్చింది ఆరుగురు. కొన్ని నెలల్లో అది నగరం నుంచి నగరానికి పాకింది. పేరున్న బోధకుడెవరూ ముందుండి నడపలేదు. గుమస్తాలు, దుకాణదారులు, పనివాళ్లు పనివేళల మధ్య వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. ఇలా భక్తి ఒక్కసారిగా ఊళ్లకి ఊళ్లనే ఊపేసే కాలాన్ని తెలుగు క్రైస్తవులు ఉజ్జీవం అంటారు. అమెరికా చరిత్రలో 1857-58 అలాంటి కాలం.

క్లౌకి మాత్రం అప్పటికి దేవుడితో పెద్దగా పని లేదు. హాస్టల్‌లో మీకు ఎలాంటి రూమ్మేట్ దొరికారో కానీ, ఆయనకి దొరికినవాడు రోజూ రాత్రి బైబిల్ చదివి మోకాళ్ల మీద ప్రార్థన చేసే రకం. విసిగిపోయిన క్లౌ చాక్‌పీసు తీసుకుని గది మధ్యలో గీత గీసి, నీ ప్రార్థనలన్నీ ఆ పక్కనే ఉంచుకో, ఇటు రావద్దని చెప్పారట. ఆ కుర్రాడు గొడవపడలేదు. గీతకి అవతలే తన పని తాను చేసుకుంటూ పోయాడు. గీత గీసిన మనిషికే నిద్ర పట్టలేదు. ఎక్కువ కాలం పట్టలేదు, ఆ ఉజ్జీవపు రోజుల్లోనే క్లౌ క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చారు. లా చదువు ఆలోచన పక్కకి పోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లు చాలామందికి గడిచినట్టే గడిచాయి. డిగ్రీ, స్కూల్లో పాఠాలు చెప్పడం, ఊరూరా తిరిగి మత పుస్తకాలు అమ్మడం, హారియెట్ సండర్లాండ్‌తో పెళ్లి. 1864లో బోస్టన్‌లోని బాప్టిస్టు మిషన్ సంఘం ముందు ఇంటర్వ్యూకి కూర్చున్నారు. సివిల్ వార్ రోజులు, సంఘం దగ్గర డబ్బు లేదు. మేం పంపలేకపోతే ఏం చేస్తావని అడిగారు. ఇంకో దారి చూసుకుని ఎలాగైనా వెళ్తానని, వెళ్లమని దేవుడు చెబుతున్నాడని తాను నమ్ముతున్నానని ఆయన జవాబు. ఇంటర్వ్యూ టిప్‌గా దీన్ని మీకు సిఫార్సు చేయను. ప్యానెల్‌కి పొగరుగా కనిపించవచ్చు. కానీ వాళ్లు పంపారు. 1865లో, 28 ఏళ్ల వయసులో, క్లౌ మద్రాసు రేవులో దిగారు.

ఎవరిని చేర్చుకోవాలి?

ఆయన వచ్చింది ఒక ఫెయిల్యూర్ ప్రాజెక్టుకి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై, నెల్లూరులో స్థిరపడి, ముప్పై ఏళ్లకీ చేతివేళ్ల మీద లెక్కపెట్టగల సభ్యులతో ఉంది. మూసేద్దామా అని అమెరికాలో ఒకటి కంటే ఎక్కువసార్లే చర్చ జరిగింది. మ్యాపులో ఒంటరి చుక్కలా కనబడేది కాబట్టి లోన్ స్టార్ మిషన్ అనే పేరూ పడింది. పెద్దాయన లైమన్ జ్యుయెట్ మాత్రం వదలనన్నారు. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ కొండని క్రైస్తవులు ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు.

క్లౌ 1866లో ఒంగోలు చేరారు. మొదట్లో పై కులాల వాళ్లు ఆసక్తి చూపారు. పిల్లల్ని స్కూలుకి పంపుతామన్నారు. సరిగ్గా అప్పుడే ఇంకో వైపు నుంచి ఇంకొకరు వచ్చారు. యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకి చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారం మీద దూరదూరాలు తిరిగిన మనిషి. అంతకుముందు రాజయోగ సంప్రదాయంలో సాధన చేసి, తనకే శిష్యులున్న గురువు. అప్పటికే క్రీస్తు గురించి విని నమ్మి, తనవాళ్లకీ చెప్పుకుంటున్నాడు. తెలుగు నేల మీద ఈ కథకి అసలు తొలి ఇంజిన్ పేరయ్యే అని నా అభిప్రాయం. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళితే, పేరయ్య మాటలు విని సిద్ధంగా ఉన్న 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వెంటనే ఒంగోలులో చిక్కు వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పై కులాల వాళ్లు తేల్చేశారు. క్లౌ అయోమయంలో పడ్డారు. పలుకుబడి, చదువు, ఊళ్లో పరువు అన్నీ అటువైపు. ఆయనే తర్వాత చెప్పుకున్న సంగతి ఇది. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో భార్య, ఒకరికొకరు చెప్పుకోకుండానే బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం చిన్నచూపు చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే చోటు. మీరు దీన్ని దైవ సూచన అనుకోవచ్చు, కాకతాళీయం అనుకోవచ్చు. ఆయన మాత్రం మాదిగల్ని చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు స్కూలు మానేశారు.

చేరిన వాళ్లకి ఆయన పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి చిన్నవిగా ఉన్నాయి కదా. ఊరి వైపు నుంచి చూడండి. చచ్చిన పశువుని ఎత్తేది, చెప్పులూ నీళ్ల తోలుసంచులూ కుట్టేది, జాతరలో డప్పు కొట్టేది మాదిగలే. వాళ్లు ఆదివారం రామన్నా, డప్పు కొట్టమన్నా ఊరి ఏర్పాటే కదిలిపోతుంది. బావులు మూశారు, పనికి పిలవడం మానేశారు, కొట్టారు. ఆ దెబ్బలు తిన్నది దొర కాదు, వాళ్లు. ఈ కథ ఎవరు చెప్పినా ఆ మాట మరిచిపోకూడదు.

గంజికి లెక్క

1876లో వానలు రాలేదు. మరుసటి ఏడాదీ సరిగా లేవు. దక్షిణాదిలో లక్షల మంది పోయారు.

మాదిగలకి ఆ కరువు మిగతావాళ్లకంటే ముందొచ్చింది. కారణం వాళ్ల జీతం పద్ధతి. వాళ్లకి నెల జీతం లేదు, సొంత పొలం లేదు. ఏడాది పొడుగునా రైతుకి చేసిన చాకిరీకి పంట నూర్చేటప్పుడు కళ్లంలో కొంత ధాన్యం కొలిచేవారు. పంట లేదంటే కళ్లం లేదు. కళ్లం లేదంటే ఆ ఏడాది జీతమే లేదు.

ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది. కానీ ఖర్చు తగ్గించడానికి కేంద్రం నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కూలిని కోసేశారు. బరువు పని చేసే మగమనిషికి రోజుకి ఒక పౌండు ధాన్యం, అంటే అరకిలో కన్నా తక్కువ, పైన ఒక అణా. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ దీంతో మనుషులు బతకరని గట్టిగా పోరాడారు. కొన్ని నెలలకి పెంచక తప్పలేదు. ఈలోపు ఎన్ని ప్రాణాలు పోయాయో!

ఒంగోలులో క్లౌ బంగళా ముందు రోజూ జనం. ఆయన దగ్గర అమెరికా నుంచి వచ్చే కొంత డబ్బుంది. గంజి పోయొచ్చు. ఎన్నాళ్లు? మనిషికి రోజూ గంజి పోస్తే ఆ రోజుకి బతుకుతాడు. మరుసటి రోజు మళ్లీ చేయి చాపాలి. పైగా పోసేది మత బోధకుడు. గంజి తాగినవాడు రేపు నీ మతంలో కలుస్తానంటే, అది నమ్మకమో ఆకలో ఎవరు చెప్పగలరు?

అప్పుడు ఆయనకి తన పాత ఉద్యోగం గుర్తొచ్చింది. బకింగ్‌హామ్ కాలువ ఒంగోలుకి తూర్పున, సముద్రం పక్కగా తవ్వుతున్నారు. ఇంజినీర్లని కలిసి మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నారు. సివిల్ చదివే వాళ్లకి ఇది తెలుసు. మట్టి పనిలో డబ్బంతా కొలతలోనే ఉంటుంది. ఎంత లోతు, ఎంత వెడల్పు, ఎన్ని ఘనపు గజాలు. కొలత రాని కాంట్రాక్టరు అయితే తానైనా మునుగుతాడు, కూలీలనైనా ముంచుతాడు. ఇరవై ఏళ్ల కిందట మిన్నెసోటాలో నేర్చిన పని ఇక్కడ అక్కరకొచ్చింది.

మేస్త్రీలుగా ఎవరిని పెట్టారో చూడండి. తన దగ్గరున్న తెలుగు బోధకుల్నే, సుమారు ముప్పై మందిని. ఒక్కొక్కరి కింద వంద మంది కూలీలు. నిన్నటిదాకా ఊళ్లు తిరిగి వాక్యం చెప్పినవాళ్లు ఇప్పుడు హాజరు వేసి, పని పంచి, కూలి ఇప్పిస్తున్నారు. వీళ్లలో ఎక్కువమంది మాదిగలే. చుట్టుపక్కల ఎన్నో పల్లెల నుంచి జనం వచ్చారు. కొట్టరు, కూలి ఎగ్గొట్టరు అని తెలిస్తే రారా మరి! కొంత కోలుకున్నవాళ్లు వెళ్లేవారు, వాళ్ల చోట కొత్తవాళ్లు వచ్చేవారు. వేల కుటుంబాలు ఆ గట్టు మీద ప్రాణం నిలుపుకున్నాయి. కలరా వచ్చి అందులోనూ కొందరిని ఎత్తుకుపోయింది.

పని మధ్య విరామంలో బోధకులు కూలీల మధ్య కూర్చునేవారు. క్రీస్తు గురించి చెప్పేవారు. ఇందులో దాచేదేం లేదు. క్లౌ మతం చెప్పడానికే ఈ దేశం వచ్చారు, తెల్లదొరల పాలన నీడలో వచ్చారు, తన పని ఆపలేదు కూడా. ఆపింది ఒక్కటే. బాప్తిస్మం. కరువు పని నడిచినంత కాలం, సుమారు 15 నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. కాదన్నారు.

ఇది ఎంత కష్టమో ఒక్క క్షణం ఆలోచించండి. మీకు టార్గెట్లు పెట్టే ఆఫీసు ఉందనుకోండి. ఒకప్పుడు ముప్పై ఏళ్లు నంబర్లు లేక, మూసేద్దామా అని హెడ్డాఫీసు చూసిన బ్రాంచి మీది. ఇప్పుడు వేల సంతకాలు మీ టేబుల్ ముందుకి వాటంతటవే వచ్చాయి. మీరు రిజిస్టరు మూసేయగలరా? ఆయన మూశారు. ఆకలితో ఉన్నవాడి అవును అనే మాటని అవునుగా లెక్కపెట్టకూడదన్నది ఆయన లెక్క.

నాకు ఇంకో సంగతీ ముఖ్యంగా కనబడుతుంది. ఆ 15 నెలల్లో ఆయన చేసిన రోజువారీ పని చూస్తే మతం ఎక్కడా కనబడదు. కొలతలు, మస్టర్ రోలు, చెల్లింపులు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన కరువు నిధి పంపకాల లెక్కలు. బర్లింగ్టన్ గదిలో మొదలైన భక్తి చివరికి చేరిన రూపం ఒక కూలీల హాజరుపట్టీ.

గుండ్లకమ్మ ఒడ్డున

1878 మధ్యకి వానలు పడ్డాయి. సహాయ నిధి అయిపోయింది. ఇక ఇచ్చేదేమీ లేదు, ఊళ్లకి వెళ్లి సాగు చూసుకోండని క్లౌ కబురు పంపించారు. జనం మళ్లీ వచ్చారు. డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. ఇంకా సందేహమే. బోధకుల్ని పిలిచి, ఏ ఊరి నుంచి ఎవరు వచ్చారు, వాళ్ల గురించి మీకేం తెలుసు అని ఊరూరి వారీగా వాకబు చేయించారు.

ఒంగోలుకి పదిమైళ్ల దూరంలో, విజయవాడ రోడ్డు గుండ్లకమ్మని దాటే చోట, వెల్లంపల్లి. జులై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ సంవత్సరం ముగిసేసరికి 9,606.

జులై 3న పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మధ్యాహ్నం విరామం పోను, నదిలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో. వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు. క్లౌ ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గట్టు మీదే ఉండి చూసుకున్నారు.

ఇంత చేసినా మాట పడక తప్పలేదు. ఇవన్నీ గంజి మతాంతరాలేనని ఇక్కడా అన్నారు, అమెరికాలో సొంత సంఘం వాళ్లలోనూ కొందరు అనుమానించారు. పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. మనుషులు ఒక్క కారణంతో ఏ నిర్ణయమూ తీసుకోరు. కరువులో తమని మనుషులుగా చూసినవాళ్ల మీద కృతజ్ఞత ఉండదా? ఊరి బయట పుట్టినవాడికి, పేరు పెట్టి పిలిచి వరసలో నిలబెట్టే చోటు దొరికితే అది చిన్న విషయమా? అవన్నీ విశ్వాసంతో కలిసే ఉంటాయి. కానీ గంజి ఆగిపోయాక, తిరిగి వెళ్లమన్నాక కూడా వచ్చారన్నది నిలిచే సంగతి. అందుకు ఆ 15 నెలల వాయిదాయే సాక్ష్యం.

ఆ తర్వాతి కథ చాలా పొడుగు, ఇక్కడ వద్దు. సంఘాలు పెరిగాయి, వాటితో పాటే పల్లెల్లో బడులు వచ్చాయి. మాదిగవాడల్లో పలక పట్టిన తొలి తరం చాలాచోట్ల ఆ బడుల్లోనే పట్టింది. కొన్నేళ్లకే ఒంగోలు సంఘం ప్రపంచంలోని అతి పెద్ద బాప్టిస్టు సంఘాల్లో ఒకటిగా లెక్కకెక్కింది. హారియెట్ 1893లో చనిపోయారు. తర్వాత క్లౌ పెళ్లి చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల జీవితం మీద, వాళ్లు చెప్పుకునే కథల మీద 1899లోనే ఒక పుస్తకం రాశారు. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన చెబుతుండగా ఎమ్మా రాసిన జీవిత కథ నాలుగేళ్ల తర్వాత అచ్చయింది. ఒంగోలులో ఆయన పేరు ఒక ఆసుపత్రికి పెట్టారు. కొత్తపట్నం వెళ్లే దారిలో కాలువ మాత్రం బకింగ్‌హామ్ పేరుతోనే ఉంది.